పాత కామిక్స్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

చిత్తూరు నుంచి నువ్వు పంపినవన్నీ చదివాను. ఊపుంది, విసుగు పుట్టలేదు. కానీ సూటిగా చెప్తా, కోప్పడొద్దు. సగం రాతలు సంచిక తెరవకుండానే రాసేశావు.

గొప్ప శక్తితో పాటు గొప్ప బాధ్యతా వస్తుందని బెన్ బాబాయ్ మన స్పైడర్‌మ్యాన్ పీటర్‌కి చెప్పాడని రాశావు చూడు, అక్కడ దొరికిపోయావు. 1962 ఆగస్టు నాటి అమేజింగ్ ఫాంటసీ 15వ సంచిక తెరువు. ఆ మాట బెన్ నోట రాదు. ఆఖరి బొమ్మలో పీటర్ చీకట్లో ఒంటరిగా వెళ్ళిపోతుంటే, కథ చెప్పేవాడి మాటగా డబ్బాలో ఉంటుంది. అంటే తర్వాత బెన్‌ని చంపిన ఆ దొంగని వదిలేసినప్పుడు పీటర్ ఎవరి బోధనూ కాదనలేదు, ఉత్త పొగరు, అంతే! ఇది పట్టుకునుంటే నీ వ్యాసం దారే వేరుగా ఉండేది.

1973 జూన్ నాటి అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121 సంగతీ అంతే. పీటర్ ప్రేమించిన గ్వెన్ చనిపోతుందని మనకి ముందే తెలుసు, అప్పుడు డబ్బులిచ్చి కొన్న పిల్లాడికి తెలీదు. కథ పేరులోనే చావుంది కాబట్టి దాన్ని మొదట్లో వేయకుండా చివరి పేజీలో వేశారు. వంతెన మీంచి పడుతున్న అమ్మాయి కాలికి పీటర్ విసిరిన సాలెదారం తగులుకుంటుంది, మెడ పక్కన చిన్న అక్షరాల్లో 'స్నాప్' అని ఉంటుంది. విలన్ గాబ్లిన్ మాత్రం అంత ఎత్తు నుంచి పడితే నేల తాకకముందే ప్రాణం పోతుందంటాడు. మరి చంపిందెవరు? దారం ఒక్కసారిగా ఆపిన కుదుపు వల్లే పోయిందని 125వ సంచికలో, పాఠకుల ఉత్తరాల పేజీలో జవాబొచ్చింది. అప్పటి పాఠకుడు నాలుగు నెలలు మోసిన అనుమానాన్ని నువ్వు మొదటి పేరాలోనే తేల్చేస్తే ఎలా? 121 గురించి రాసేటప్పుడు 121లోనే ఉండు. అన్నట్టు, మాటల్లో జార్జ్ వాషింగ్టన్ వంతెన, బొమ్మ చూస్తే బ్రూక్లిన్ వంతెన. ఇలాంటివి ఒక వాక్యంలో నవ్వేసి వదిలెయ్, పేజీలు నింపకు.

ఇంకోటి, మంచిదల్లా మాటలు రాసిన స్టాన్ లీ ఖాతాలో వేయకు. అప్పట్లో ఈ కామిక్స్ వేసిన మార్వెల్‌లో మామూలుగా కథ క్లుప్తంగా అనుకుని, బొమ్మలు వేశాక మాటలు రాసేవాళ్ళు. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 33లో ఇనుప యంత్రం కింద నలిగిపోతూ, పైనుంచి నీళ్ళు కారుతుంటే, మే పిన్నికి కావలసిన మందు అందీ అందనంత దూరంలో ఉంటే, చివరికి పేజీ నిండా ఒకే బొమ్మలో పీటర్ దాన్ని ఎత్తేస్తాడు కదా, ఆ సంచికలో కథ అల్లిక కూడా బొమ్మలేసిన స్టీవ్ డిట్కోదే అని పేరేసి మరీ ఉంది. నువ్వు మాటల్ని పొగిడి బొమ్మల్ని వదిలేశావు.

ఆడవాళ్ళని చూపించిన తీరుకి తిట్టాలనిపిస్తే తిట్టు, నాకేం అభ్యంతరం లేదు, కానీ ఏ బొమ్మ, ఏ మాట అన్నది చూపించి తిట్టు. కొత్త సంకలనాల్లో ఉత్తరాల పేజీలూ ప్రకటనలూ చాలావరకు ఉండవు కాబట్టి, దొరికితే పాత సంచికే చదువు. నా దగ్గర కొన్ని ఉన్నాయి, తిరుపతి దాటి బయటికి మాత్రం పంపను, ఇక్కడికొచ్చి చదువుకో.

ముందు 33 మీద మళ్ళీ రాయి. కథంతా చెప్పకు, ఆ యంత్రం కింది పేజీలు చాలు. ఆదివారం పొద్దున బస్సెక్కితే పదింటికల్లా వచ్చేస్తావు, కాగితాలు తెచ్చుకో, మా ఇంట్లోనే భోంచేద్దువు.

మీ అన్న