రెండు పోర్టుల రూటర్, 120 గదులు

ప్రశ్న: మా కాలేజీ హాస్టల్‌లో 120 గదులు. ఒకరి కంప్యూటర్ ఇంకొకరికి కనపడకుండా గదికో వీలాన్ (ఉన్న నెట్‌వర్క్‌లోనే విడిగా ఉండే చిన్న నెట్‌వర్క్) ఇద్దామనుకుంటున్నాం. ఉన్నది పాత సిస్కో రూటర్, రెండే పోర్టులు. ఒకటి ఇంటర్నెట్‌కి పోతుంది. రెండోదాని మీద 120 సబ్‌ఇంటర్‌ఫేస్‌లు (ఒకే పోర్టును సాఫ్ట్‌వేర్‌లో విడగొట్టి చేసే ఉప పోర్టులు) నడుస్తాయా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పెట్టడం వరకైతే పెట్టొచ్చండీ. ఫ్రేమ్‌లో, అంటే తీగ మీద పోయే డేటా పొట్లంలో, వీలాన్ నంబరుకు కేటాయించింది 12 బిట్లు. అంటే 4096 నంబర్లు; 0, 4095 వాడకూడదు కాబట్టి మిగిలేవి 4094. నంబర్లకేమీ కరువు లేదు.

కానీ రూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ సిస్కో ఐఓఎస్ ప్రతి ఇంటర్‌ఫేస్‌కీ మెమరీలో ఒక ఖాతా తెరుస్తుంది. దాని పేరు ఐడీబీ. అసలు పోర్టు, సబ్‌ఇంటర్‌ఫేస్, సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే ఉండే టన్నెల్, లూప్‌బ్యాక్ అన్నీ ఇందులో లెక్కే. ఈ ఖాతాలు ఎన్ని ఉండొచ్చన్నది మోడల్‌ని, ఐఓఎస్ వెర్షన్‌ని బట్టి మారుతుంది. మీ రూటర్‌లో 'షో ఐడీబీ' కొట్టి చూడండి.

అసలు ఇబ్బంది వైరు దగ్గర వస్తుంది. 120 గదులూ పోయేది ఒకే తీగ మీద. ఒక గది నుంచి పక్కగదికి సినిమా కాపీ చేసినా అది స్విచ్ దాటి రూటర్‌లోకి ఎక్కి, మళ్లీ అదే తీగ మీద కిందికి దిగాలి. పాత రూటర్ల పోర్టులు చాలావాటిలో 100 ఎంబీపీఎస్‌వే. మీరు 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని ఉంటే, మూడింట రెండు వంతుల డబ్బు వృథా. పైగా గదికో డీహెచ్‌సీపీ పూల్ (కంప్యూటర్లకు పంచే ఐపీ అడ్రసుల జాబితా), గదికో యాక్సెస్ లిస్టు (ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో చెప్పే నియమాలు). సెలవులయ్యాక గదులు మారితే ఇవన్నీ దిద్దేదెవరు? నన్నడిగితే ప్రాసెసర్ కంటే ముందు అలిసిపోయేది మీరే.

స్విచ్ సంగతీ చూసుకోండి. చవక మేనేజ్డ్ స్విచ్‌లు (సెట్టింగులు మార్చుకోగలిగేవి) 4094 లోపు ఏ నంబరైనా పెట్టుకోనిస్తాయి గానీ, కొన్ని ఒకేసారి 32 వీలాన్‌లకు మించి ఒప్పుకోవు.

మీకు కావాల్సింది ఒకరికొకరు కనపడకపోవడమే కదా? అంతస్తుకో వీలాన్ చాలు. గదులకు పోయే స్విచ్ పోర్టుల్ని 'ప్రొటెక్టెడ్' చేయండి, ఒకే స్విచ్ మీదున్న గదులు నేరుగా మాట్లాడుకోవు. వైఫైలో అయితే ఇదే పని చేసే 'క్లయింట్ ఐసొలేషన్' ఆన్ చేయండి. రూటర్ మీద నాలుగైదు సబ్‌ఇంటర్‌ఫేస్‌లతో పని అయిపోతుంది. ఒకే అంతస్తులో స్విచ్‌లు ఒకటికి మించి ఉంటే మాత్రం, ఒక స్విచ్ మీది గది ఇంకో స్విచ్ మీది గదికి కనపడొచ్చు. అందుకని అంతస్తుకు ఒకే స్విచ్ ఉండేలా చూసుకోండి.