హుక్కు వెల్డింగ్ చేసిందెవరు? కేసంతా అక్కడే ఉంది

ప్రశ్న: నూజివీడు దగ్గర మాకు ఆరెకరాల మామిడి తోట ఉంది. అదే మా జీవనం. 2023 చివర్లో 3,10,000 పెట్టి స్పోర్ట్ రకం క్వాడ్ బైక్ (నాలుగు చక్రాల బైకు) కొన్నాను. కాయ ట్రేలు లాగే చిన్న ట్రాలీ తగిలించాలంటే డీలర్ వర్క్‌షాపులోనే మెకానిక్ వెనక హుక్కు వెల్డింగ్ చేసి ఇచ్చాడు. 4,500 ఫోన్‌పే చేశాను, బిల్లు తీసుకోలేదు. 2024 మే 26న మా బావమరిది లోడుతో గట్టెక్కుతుంటే వెల్డింగ్ ఊడి బండి తిరగబడింది. తొడ ఎముక విరిగి రాడ్ వేశారు. కుదిరిన పెళ్లి తప్పిపోయింది, ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు. బండి, విరిగిన హుక్కు వర్క్‌షాపుకే పంపాను. బండిలో మార్పులు చేశారు కాబట్టి వారంటీ లేదంటున్నారు. మా ట్రాక్టర్‌కు ఇన్సూరెన్స్ ఉంది, దాని కింద పడ్డాడని రాయిస్తే పరిహారం వస్తుందని ఒకరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ పెద్ద ఉత్తరాన్ని కుదించి వేశాను. పెళ్లి సంబంధం, ఇంట్లో మాటలు వినియోగదారుల కమిషన్ ముందు పనికిరావు. పనికొచ్చేది ఒక్కటే: ఆ హుక్కు ఎవరు బిగించారు, దాన్ని మీరు కాగితం మీద చూపించగలరా?

ఎందుకో చెబుతాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 87(1) ఉంది. ప్రమాదం జరిగిన నాటికి వస్తువును దుర్వినియోగం చేసినా, మార్చినా అమ్మినవాడి మీద ప్రోడక్ట్ లయబిలిటీ (వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం అడిగే) కేసు నడవదు. డీలర్ చెబుతున్న ‘మార్పులు’ అనే మాట రేపు ఈ సెక్షన్‌గా మీ ముందుకు వస్తుంది. మీరు బయట వెల్డింగ్ షాపులో చేయించి ఉంటే నేను ఇక్కడితో ఆపేసేవాణ్ని. కానీ దాని ముందరి సెక్షన్ 86 చూడండి. అమ్మినవాడే వస్తువును మార్చి, ఆ మార్పే ప్రమాదానికి ముఖ్య కారణమైతే బాధ్యత అతనిదే. తయారీదారు చెప్పిన హెచ్చరికలు కొన్నవాడికి చెప్పకపోయినా అంతే. సర్వీసు లోపభూయిష్టంగా చేసినందుకు సెక్షన్ 85 కూడా వర్తిస్తుంది.

బండి సంగతి కూడా మీకు అనుకూలంగానే ఉంది. స్పోర్ట్ రకంలో వెనక చక్రాల ఇరుసు స్వింగ్ ఆర్మ్ (ఫ్రేమ్‌కు కీలులా తగిలించిన చట్రం) చివర ఉండి, గుంత వచ్చినప్పుడల్లా పైకీ కిందకీ ఆడుతుంది. బరువు లాగే యుటిలిటీ రకానికి కంపెనీ వాళ్లే హుక్కు కోసం గట్టి చోటు ఇస్తారు, దీనికి ఇవ్వరు. ఫ్రేమ్ చివరి గొట్టానికి వెల్డింగ్ చేసి, ఇరుసు కంటే ఎత్తు నుంచి లాగిస్తే ఎక్కుడులో ముందు చక్రాలు తేలిపోతాయి. ఇది మీకు తెలియకపోవచ్చు, రోజూ అదే బండి విప్పే మెకానిక్‌కు తెలియాలి. ఓనర్ మాన్యువల్ తీసి ట్రాలీ లాగకూడదని ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి. ఉంటే ఆ పేజీ మీకూ దెబ్బే, డీలర్‌కు ఇంకా పెద్ద దెబ్బ.

ఇక మిమ్మల్ని కోప్పడాల్సిన చోటు. బిల్లు తీసుకోలేదు సరే. విరిగిన హుక్కును, ఫొటో అయినా తీయకుండా, రసీదు అయినా లేకుండా, ఎవరి మీద కేసు వేయాలో వాళ్ల చేతికే ఇచ్చారు! ఆ ఇనుప ముక్కే మీ మొదటి సాక్షి. వెల్డింగ్ లోపలిదాకా పట్టిందా, పైపైన అంటించారా అన్నది అతుకు విరిగిన చోటే తెలుస్తుంది. ఈరోజే స్పీడ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంటుతో ఉత్తరం రాయండి: బండి, హుక్కు ఉన్నవి ఉన్నట్టుగా ఉంచాలని, రిపేరు చేయవద్దని, జాబ్ కార్డ్ (వర్క్‌షాపులో బండికి చేసిన పని రాసుకునే కాగితం) నకలు ఇవ్వాలని. కేసు వేశాక పరీక్షకు పంపమని కమిషన్‌ను అడగొచ్చు. ముక్క పోయిందని వాళ్లంటే, ఆ మాటే వాళ్లకు ఎదురు తిరుగుతుంది.

ఫోన్‌పే డబ్బు షోరూమ్ ఖాతాకు వెళ్లిందా, మెకానిక్ సొంత నంబరుకా? మీరు రాయలేదు. సొంత నంబరుకైతే ‘అది అతని ప్రైవేటు పని’ అంటారు. అప్పుడు ఆ రోజు బండి వర్క్‌షాపులోనే ఉందని చూపించే సర్వీసు రికార్డు, మెకానిక్ పంపిన వాట్సాప్ ఫొటోలు, ట్రాలీ కోసమని మీరు పెట్టిన మెసేజీలు కావాలి. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుల సర్టిఫికెట్ జతచేయాలి.

ట్రాక్టర్ ఆలోచన మానేయండి. ఆ సలహా ఇచ్చినవాళ్లు మీ మేలు కోరినవాళ్లు కారు. బండి తిరగబడిందని చేర్చిన రోజే ఆసుపత్రి కేస్ షీటులో రాసి ఉంటారు. ఇన్సూరెన్స్ వాళ్లు మొదట తెప్పించేది దాన్నే. అబద్ధపు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, మోసం కేసు దానికి అదనం. రాడ్ వేసిన కాలుతో మీ బావమరిది ముద్దాయిగా నిలబడాలా? పైగా ఒకసారి ట్రాక్టర్ అన్నాక డీలర్ మీద ఉన్న నిజమైన కేసు కూడా పోతుంది.

గడువు సంగతి మరీ ముఖ్యం. సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. 2026 మే 25 లోపు ఫిర్యాదు దాఖలు కావాలి, మీకు మిగిలింది రెండు నెలలు. డీలర్ ‘చూస్తాం’ అన్నా, మీరు లాయర్ నోటీసు ఇచ్చినా గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, తిరుగుతూ ఉన్నామన్న కారణాన్ని నమ్ముకోవద్దు.

ఫిర్యాదులో మీతోపాటు బావమరిది కూడా ఉండాలి. మీ అనుమతితో నడిపాడు కాబట్టి చట్టం దృష్టిలో అతనూ వినియోగదారుడే. అతని గాయానికి ప్రోడక్ట్ లయబిలిటీ కింద అడగండి. ఆ పద్దు కింద బండికి జరిగిన నష్టం రాదు, దాన్ని సేవాలోపం కింద విడిగా అడగాలి. వ్యాపారం కోసం కొన్నారని వాదిస్తారు, సొంత కష్టంతో బతుకుతున్నట్టు తోట భూమి పాస్‌బుక్ పెట్టండి. డీలర్ వేరే ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. బండి ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల కేసుల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు.

ఒకటి మాత్రం దాచకుండా మీ లాయర్‌కు చెప్పండి. ఆ రోజు ట్రాలీలో ఎన్ని ట్రేలున్నాయి? ఉత్తరంలో మీరు రాయలేదు. అవతలి లాయర్ అడిగే మొదటి ప్రశ్న అదే.