బి.ఫార్మసీ అమ్మాయి క్యాన్సర్ ట్రయల్స్‌లోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. అమ్మాయి బి.ఫార్మసీ చివరి సంవత్సరం. మా నాన్నగారు కడుపు క్యాన్సర్‌తో పోయినప్పటి నుంచి క్యాన్సర్ మందుల ట్రయల్స్‌లోనే పనిచేస్తానంటోంది. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మీద ప్రయోగాలేమిటని ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ పని నేర్పే ఆరు నెలల కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. ముందు మీ భయం గురించి మాట్లాడుకుందాం.

ముదిరిన కడుపు క్యాన్సర్‌లో మందులు కలిపి పరీక్షించేటప్పుడు, సాధారణంగా వాడుకలో ఉన్న కీమో అందరికీ ఇస్తారు. కొందరికి దానికి తోడు కొత్త మందు కలుపుతారు. ఎవరికి ఏది అన్నది లాటరీ పద్ధతిలో తేలుతుంది, డాక్టరు ఇష్టం కాదు. 2010లో వెలువడిన టోగా ట్రయల్ అలాంటిదే. క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న రోగుల్లో, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో సగం మంది 11.1 నెలలు దాటి బతికారు. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు కలిపినవాళ్లలో అది 13.8 నెలలు. మూడు నెలలు కూడా నిండని తేడా. మీ నాన్నగారి ఆఖరి రోజులు చూసిన మీకు ఆ నెలల విలువ నేను చెప్పక్కర్లేదు.

ఆ తేడాను నమ్మగలుగుతున్నామంటే ప్రతి రోగి సంగతీ ఎవరో ఓపిగ్గా రాసిపెట్టబట్టే. మీ అమ్మాయి చేయబోయేది ఆ పనే. దాన్ని క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ ఉద్యోగం అంటారు. ఉదాహరణకు, కేపెసిటబిన్ అనే కీమో మాత్రలు రెండు వారాలు వేసుకుని ఒక వారం ఆపుతారు. రోగి తిరిగి తెచ్చిన స్ట్రిప్పుల్లో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి. ఆ మాత్రలకు అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతాయి, తోలు ఊడుతుంది. చెబితే మందు ఆపేస్తారేమోనని చాలామంది దాస్తారు. "చెప్పులు వేసుకోగలుగుతున్నావా మామ్మా? గ్లాసు పట్టుకుంటే నొప్పెడుతోందా?" అని అడిగితే గానీ బయటపడదు. అది బయటపడితేనే డాక్టరు డోసు తగ్గించగలడు.

ఇక్కడే మీ అమ్మాయికి ఉన్న బలం. మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివినవాళ్లు చాలామంది ఉన్నారు. ట్రయల్‌లో చేరేముందు రోగి సంతకం చేసే అంగీకార పత్రం తెలుగులో అచ్చేస్తే వాళ్లు చదవలేరు, ఒడియాలో ఉన్నది పెద్దవాళ్లకు అర్థం కాదు. రెండు భాషల్లోనూ విడమరిచి చెప్పి, "ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు, వైద్యం ఆగదు" అని నమ్మకంగా అనగలిగే మనిషి అక్కడ ఉండాలి. ఇష్టం లేని సంతకం తీసుకుంటే అది తప్పే, మీరు భయపడింది దానికే అయితే మీ భయం సరైనదే.

ఇక కోర్సు. జి.సి.పి. (గుడ్ క్లినికల్ ప్రాక్టీస్, అంటే ట్రయల్స్ నడపడానికి పాటించాల్సిన నియమాలు) శిక్షణ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, ముందు అది పూర్తి చేయించండి. పైచదువు కావాలంటే జీప్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎం.ఫార్మసీ చేయొచ్చు. మన దేశంలో 2009 నుంచి ట్రయల్స్‌ను సి.టి.ఆర్.ఐ. (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) వెబ్‌సైట్‌లో నమోదు చేయడం తప్పనిసరి. అందులో కడుపు క్యాన్సర్ అని వెతికితే ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో జరుగుతున్నాయో కనిపిస్తుంది. విశాఖ, కటక్, భువనేశ్వర్ ఆసుపత్రులు చూసి అమ్మాయినే ఉత్తరం రాయమనండి. ఆ లక్షన్నర అడిగినవాళ్లను మాత్రం ఒక్కటే అడగండి: పోయిన బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చిన ఇద్దరి ఫోన్ నంబర్లు ఇస్తారా అని.