ల్యాబ్ ఒక్కటే నేర్చుకుంటే సరిపోదు: మగగుర్రాల వీర్యం నిల్వ చేసే వృత్తి గురించి ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి పశువైద్య డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. మగగుర్రాల వీర్యాన్ని నిల్వ చేసే ల్యాబ్‌లోనే పనిచేస్తానని పట్టుబడుతోంది. నలుగురిలో చెప్పుకోవడానికి మాకు బిడియంగా ఉంది. ఎద్దుల వీర్యాన్ని ఎన్నో ఏళ్లుగా స్ట్రాలలో (సన్నని ప్లాస్టిక్ గొట్టాలలో) గడ్డకట్టించి నిల్వ చేస్తూనే ఉన్నారు కదా, ఇందులో కొత్తగా నేర్చుకునేది ఏముంటుంది?

జవాబు: మీ బిడియం మీ అమ్మాయి దాకా వెళ్లనివ్వకండి. పుట్టుకకు సంబంధించిన వైద్యంలో ఉన్నవారందరూ రోజూ ఈ మాటలతోనే పనిచేస్తారు, ఆమెకు అవి ఎప్పుడో అలవాటైపోయి ఉంటాయి.

ఎద్దుతో పోల్చడం దగ్గరే చాలామంది పొరబడతారు. వీర్యం గడ్డకట్టడానికి పనికిరాని ఎద్దును కృత్రిమ గర్భధారణ కేంద్రాలు ఉంచుకోవు. అలా తరతరాలుగా ఏరివేత జరిగింది. మగగుర్రాన్ని మాత్రం అది దుమికే తీరు, నడక, వంశం చూసి ఎంచుకుంటారు. వీర్యం చలికి తట్టుకుంటుందా లేదా అన్నది ఆ తర్వాత బయటపడే సంగతి. ఎద్దుకు సుమారు 2 కోట్ల వీర్యకణాలున్న ఒక్క స్ట్రా చాలు. గుర్రానికి అర మిల్లీలీటరు స్ట్రాలు 8 వరకు కలిపితే గానీ ఒక డోసు కాదు. గడ్డకట్టించిన వీర్యకణాలతో ఆడగుర్రం చూడి కట్టిందన్న తొలి నివేదిక 1957లో కెనడా నుంచి వచ్చింది. ఇన్నేళ్లయినా అన్ని మగగుర్రాలకూ సరిపడే ఒకే పద్ధతి దొరకలేదు. గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడేందుకు కలిపే రసాయనాల్లో ఒకదానికి గ్లిసరాల్ సరిపోతే మరొక గుర్రానికి డైమిథైల్ ఫార్మమైడ్ మెరుగ్గా పనిచేస్తుంది. మీరు అడిగిన కొత్తదనమంతా అక్కడే ఉంది.

పని ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూడండి. సేకరించిన వీర్యం ఇంకా గోరువెచ్చగా ఉండగానే పాలపొడి, గ్లూకోజు కలిసిన ఎక్స్‌టెండర్‌ను (కణాలను బతికించి ఉంచే ద్రావణాన్ని) అదే వేడికి తెచ్చి కలుపుతారు. సూక్ష్మదర్శిని కింద పెట్టే గాజు పలకను కూడా ముందే వెచ్చబెట్టాలి. చల్లటి పలక మీద చుక్క వేస్తే, అంతవరకు చురుగ్గా ఈదుతున్న కణాలు మందగిస్తాయి. కొత్తవాళ్లు అది చూసి గుర్రంలోనే లోపం ఉందని రాసేస్తారు! నా దృష్టిలో ఈ వృత్తిలో మొదటి పాఠం ఇదే. ఒకటి రెండు రోజుల్లో వాడేదైతే 5 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచి పంపుతారు. 20 నుంచి 5 డిగ్రీలకు దిగేటప్పుడు మాత్రం చాలా నెమ్మదిగా దించాలి, తొందరపడితే కణాల పొరలు దెబ్బతింటాయి. ఏళ్ల తరబడి నిలవాలంటే సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి కణాలను అడుగుకు చేర్చే యంత్రంలో) తిప్పి, పైకి తేలిన ద్రవాన్ని తీసేసి, స్ట్రాలలో నింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోకి చేరుస్తారు. కరిగించేటప్పుడు 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు. ఆ తర్వాత కనీసం మూడో వంతు కణాలైనా ముందుకు కదలాలని చూస్తారు.

అయితే అమ్మాయికి నేను గట్టిగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. కరిగించిన కణాలు ఆడగుర్రంలో ఎక్కువసేపు బతకవు. అందుకే అండం విడుదలయ్యే సమయానికి దగ్గరగా, సాధారణంగా అది విడుదలైన 6 గంటల లోపు వీర్యాన్ని ఎక్కిస్తారు. ఆ ఘడియను పట్టుకోవాలంటే అల్ట్రాసౌండ్‌లో ఫాలికిల్ (అండం ఉండే చిన్న తిత్తి) పెరుగుదలను గమనిస్తూ, అండం విడుదలయ్యేందుకు ఇంజెక్షన్ ఇచ్చి, రాత్రివేళల్లో కూడా కొన్ని గంటలకోసారి స్కాన్ చేయాలి. స్ట్రా ఎంత బాగా తయారైనా ఇక్కడ ఆలస్యమైతే శ్రమంతా వృథా. ల్యాబ్ పని మాత్రమే తెలిసిన వాళ్లకు అవకాశాలు తక్కువ, ఆడగుర్రం దగ్గర కూడా పని తెలిసిన పశువైద్యురాలికి ఎక్కువ. కాబట్టి డిగ్రీ మధ్యలో వదిలేసి ల్యాబ్ శిక్షణకు వెళ్తానంటే ఒప్పుకోకండి. డిగ్రీ పూర్తిచేసి, పశువుల పునరుత్పత్తి శాస్త్రంలో పీజీ చేయడం మేలు.

దాచకుండా చెప్పాల్సిన ఇబ్బందులూ ఉన్నాయి. ఇది చిన్న రంగం. పైగా పందేలకు పెంచే థరోబ్రెడ్ జాతిలో కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లను వంశావళి పుస్తకంలో నమోదు చేయరు, సహజ సంపర్కం తప్పనిసరి. ఆ జాతిని మాత్రమే పెంచే చోట ఈ నైపుణ్యానికి ఉద్యోగం ఉండదు. వామ్‌బ్లడ్, స్టాండర్డ్‌బ్రెడ్, క్వార్టర్ హార్స్ వంటి జాతులను పెంచే చోట్ల వెతకాలి. పగటి వెలుగు పెరిగే నెలల్లో ఆడగుర్రాలు ఎదకు వస్తాయి, అప్పుడు సెలవన్న మాటే ఉండదు. గడ్డకట్టించే పని ఎక్కువగా మిగతా నెలల్లో పెట్టుకుంటారు.

ఆమె శిక్షణకు ఎంచుకునే చోటును మీరు కూడా ఒకసారి వెళ్లి చూడండి. వీర్యం సేకరించేటప్పుడు పక్కన నిలబడేవాళ్ల తలపై హెల్మెట్ ఉందా? మగగుర్రాన్ని పట్టుకునే మనిషి అనుభవజ్ఞుడేనా? నైట్రోజన్ ట్యాంకులున్న గదికి గాలి బాగా వస్తుందా? ఆ ద్రవం ఆవిరైతే దాదాపు 700 రెట్లు వ్యాపించి, మూసిన గదిలో ఆక్సిజన్‌ను తోసేస్తుంది, ముక్కుకు వాసన కూడా తెలియదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా, ఆ చోటికి ఎంత పేరున్నా అమ్మాయిని అక్కడ చేర్చకండి.