క్యూటీ అప్లికేషన్ రూపాన్ని ప్లగిన్‌తో మార్చడం ఎలా?

ప్రశ్న: హైదరాబాద్ మలక్‌పేటలోని మా దుకాణంలో బిల్లింగ్ అప్లికేషన్ క్యూటీతో (కిటికీలు, బటన్లు ఉండే అప్లికేషన్లు రాసే సాధనాల సమితి) చేసినది. సోర్స్ కోడ్ మా దగ్గర లేదు. బటన్లపై తెలుగు ఒత్తులు కింద తెగిపోతున్నాయి. ప్లగిన్‌తో (అప్లికేషన్‌కు బయటి నుంచి జతచేసే కోడ్) సరిచేయవచ్చా?

చేయవచ్చు. అయితే ఆ అప్లికేషన్ క్యూటీ విడ్జెట్లతో (బటన్లు, పెట్టెల వంటి తెర భాగాలు) కట్టినదై ఉండాలి, క్యూటీ లైబ్రరీలు విడి ఫైళ్లుగా ఉండాలి.

శైలినంతా (బటన్ల వంటివి ఎలా కనిపించాలో చెప్పే కోడ్) మొదటి నుంచి గీయబోకండి, అది తలకు మించిన పని. ఉన్న శైలిలో కొంత మాత్రమే మార్చనిచ్చే క్యూప్రాక్సీస్టైల్ నుంచి ఒక క్లాస్ రాసి, ఆధారంగా క్యూటీలోనే ఉన్న ఫ్యూజన్ శైలి పేరు ఇవ్వండి. మీరు ముట్టుకోనివన్నీ ఫ్యూజనే చూసుకుంటుంది. మీకు కొలతలు చెప్పే సైజ్‌ఫ్రమ్‌కంటెంట్స్ ఫంక్షన్ ఒక్కటి మారిస్తే చాలు: బటన్ వంతు వచ్చినప్పుడు వచ్చిన ఎత్తుకు 6 పిక్సెళ్లు కలపండి. ‘రాష్ట్రం’లో ట ఒత్తు, ర ఒత్తు రెండూ ఊపిరి పీల్చుకుంటాయి. బటన్ ఎత్తును కోడ్‌లోనే బిగించేసి ఉంటే మాత్రం ఇది పారదు.

తరువాత క్యూస్టైల్‌ప్లగిన్ నుంచి మరో చిన్న క్లాస్; దాని క్రియేట్ ఫంక్షన్ మీ శైలిని అందిస్తుంది. ప్లగిన్ వివరాలుండే జేసన్ ఫైలులో ‘కీస్’ కింద శైలి పేరు రాయండి. తయారైన ప్లగిన్ ఫైలును అప్లికేషన్ ప్లగిన్లలోని ‘స్టైల్స్’ ఫోల్డర్‌లో పెట్టి, క్యూటీ_స్టైల్_ఓవర్‌రైడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు చదివే సిస్టమ్ సెట్టింగ్) అదే పేరు ఇవ్వండి.

లోడ్ కాకపోతే ముందు వెర్షన్‌నే అనుమానించండి. క్యూటీ 6.5తో కట్టిన ప్లగిన్‌ను 6.2 అప్లికేషన్ తీసుకోదు. క్యూటీ_డీబగ్_ప్లగిన్స్ అనే వేరియబుల్‌కు 1 ఇచ్చి నడిపితే ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది.