పార్ట్‌నర్ మరిచిపోయిన రెండు కళావర్

ప్రశ్న: నేను, మా ఆవిడ వారానికోసారి క్లబ్‌లో బ్రిడ్జ్ ఆడతాం. పోయిన వారం నా కుడిపక్క ఆయన 1 నోట్రంప్‌తో (తురుపు లేకుండా ఏడు పట్లు తెస్తాననే బిడ్‌తో) మొదలుపెట్టారు. నా చేతిలో ఇస్పేట్లు ఐదు, ఆటీన్లు ఐదు, డైమన్లు రెండు, కళావర్ ఒక్కటే. లాండీ (నోట్రంప్ మీద 2 కళావర్ అంటే ఇస్పేట్లు, ఆటీన్లు రెండూ ఉన్నాయని చెప్పే సంకేతం, అంటే కన్వెన్షన్) ఆడాలని ముందే అనుకున్నాం కాబట్టి 2 కళావర్ అన్నాను. ఆవిడ ఆ సంగతే మరిచిపోయి, అలర్ట్ చేయకుండా (ఈ బిడ్‌కు వేరే అర్థం ఉందని అవతలివాళ్లను హెచ్చరించకుండా) పాస్ అంది. డమ్మీలో (బల్ల మీద పరిచిన ఆవిడ చేతిలో) కళావర్లు మూడు! ఐదు పట్లు తగ్గాయి. టేబుల్ చుట్టూ ఒకటే నవ్వులు. ఇంటికొచ్చేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఇలాంటి కన్వెన్షన్లు మానేయడం మంచిదా? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మానకండి. మీ బిడ్ సరైనదే. అవతలివాళ్లు 1 నోట్రంప్ గెలిస్తే వాళ్లకు 90 పాయింట్లు. మీరు 2 ఆటీన్లు ఆడి గెలిస్తే మీకు 110. వల్నరబుల్ (ఓడితే నష్టం ఎక్కువగా ఉండే స్థితి) కానప్పుడు, డబుల్ (పందెం పెంచే బిడ్) పడకుండా ఒక్క పట్టు తగ్గితే పోయేది 50 మాత్రమే. అంటే ఓడినా 40 మిగిలినట్టే. అందుకే నోట్రంప్ వాళ్లను హాయిగా ఆడనివ్వకూడదని నేను గట్టిగా నమ్ముతాను. వల్నరబుల్ అయితే మాత్రం జాగ్రత్త. రెండు పట్లు తగ్గితే 200 పోతాయి.

లోపం మాట్లాడుకోవడంలో ఉంది. మా అన్నయ్యతో ఆడిన రోజుల్లో మాకూ అచ్చం ఇదే జరిగింది, అప్పుడు మరిచిపోయింది ఆయన. మర్నాడు ఒక కాగితం మీద రాసుకున్నాం: 2 కళావర్ అంటే రెండు మేజర్లు (ఇస్పేట్లు, ఆటీన్లు). జవాబిచ్చేవాళ్లు పొడుగ్గా ఉన్న మేజర్ చెప్పాలి. రెండూ సమానమైతే 2 డైమన్. పాస్ అనాలంటే కళావర్లు ఆరైనా ఉండాలి. ప్రతి ఆటకు ముందు టీ తాగుతూ ఆ కాగితం చదివేవాళ్లం. మీరూ ఈ ఏడాదికి లాండీ ఒక్కటే పెట్టుకోండి, కాపెలెట్టి, డోంట్ లాంటి వేరే కన్వెన్షన్ల జోలికి వెళ్లకండి.

ఇంకో మాట. ఆవిడ అలర్ట్ చేయలేదని మీకు అప్పుడే తెలిసింది. డిక్లేరర్ (ఆ బిడ్‌ని ఆడాల్సినవారు) మీరే కాబట్టి ఆఖరి పాస్ అయ్యాక, మొదటి ముక్క పడకముందే డైరెక్టర్‌ని పిలిచి అవతలివాళ్లకు ఆ సంగతి చెప్పాలి. నవ్వుల్లో చాలామంది ఇది వదిలేస్తారు. వదలకూడదు.

ప్రశ్న: తొమ్మిదికి మించిన ముక్క ఒక్కటీ లేని చేయి వచ్చింది. ముక్కలు సరిగ్గా కలపలేదని నా అనుమానం. (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: దీన్నే యార్‌బరో అంటారు. ఆ పేరుగల ఇంగ్లండ్ ప్రభువు ఇలాంటి చేయి రాదని 1000కి 1 చొప్పున పందెం కాసేవాడని చెబుతారు. నిజానికి 1828 చేతుల్లో ఒకసారి వస్తుంది కాబట్టి లాభం ఆయనదే. వారానికి 24 చేతులు ఆడితే సుమారు ఏడాదిన్నరకొకటి. కాబట్టి అనుమానం వద్దు.

కానీ గుర్తుంచుకోండి: 1 ఆటీన్ మీద మీ పార్ట్‌నర్ టేకౌట్ డబుల్ (మిగతా రంగుల్లో ఒకటి చెప్పమని అడిగే డబుల్) చేసి, మధ్యలో వాళ్లు పాస్ అంటే, సున్నా పాయింట్లున్నా మీరు బిడ్ చెప్పాల్సిందే. భయపడి పాస్ అంటే డబుల్ పడిన 1 ఆటీన్‌ని వాళ్లు సుఖంగా గెలుచుకుంటారు. నేనొకసారి అలాంటి చేతితోనే తొమ్మిది పెద్దగా నాలుగు ఇస్పేట్లు పట్టుకుని 1 ఇస్పేట్ అన్నాను. పార్ట్‌నర్ దగ్గర ఇస్పేట్లు నాలుగు, ఎక్కాలు మూడు. సరిగ్గా ఏడు పట్లు వచ్చాయి.