‘ఎండు ఈగలను కట్టడం’ అనవచ్చునా?

సందేహం: హిమాచల్ ప్రదేశ్‌లో ట్రౌట్ చేపల వేట నేర్చుకొని వచ్చిన మా మేనల్లుడి కోసం ‘డ్రై ఫ్లై టైయింగ్’ అనే పనిని గురించి తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ‘మెత్తని ఈకనారతోను, డబ్బింగ్ పరికరాలతోను ఎండు ఈగలను కట్టడం’ అని శీర్షిక పెట్టాను. చదివినవారెవరికీ అది బోధపడలేదు. ఇందులో తప్పెక్కడ ఉన్నదో తెలుపగలరు. – ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీ శీర్షికలోని మాటలన్నీ విడివిడిగా తెలుగువారికి తెలిసినవే, వాటిని కూర్చిన తీరే చదివేవారిని దారి తప్పించింది. ముందుగా వస్తువేమిటో చెప్పుకోవాలి. గాలపు ముల్లుకు దారం చుట్టి, దానిమీద ఈకలూ బొచ్చూ బిగించి, నీటిపై వాలిన పురుగులాగా కనిపించేటట్లు చేసే బొమ్మ ఎర ఇది. కోడిపుంజు మెడ ఈకను ముల్లు చుట్టూ తిప్పితే దాని పోగులు నలువైపులా విచ్చుకొని, నీటిపొర మీద కాళ్లలాగా నిలిచి, ఎరను మునగనివ్వవు. ట్రౌట్ మన స్వర్ణముఖిలో బతికే చేప కాదు. కాశ్మీరు, హిమాచల్, నీలగిరులలోని చల్లని వాగులలో దానిని బయటినుంచి తెచ్చి పెంచారు. కనుక ఈ పనికి మన జాలరుల వాడుకలో సిద్ధంగా పేరు దొరకదు. అయితే ఆ పనిలో చేతులు చేసే ఒక్కొక్క చేష్టకూ మనకు మాట ఉన్నది, అదీ చక్కని మాట.

అన్నిటికంటె పెద్ద చిక్కు ‘ఈగలను’ అన్నచోట చేరిన ‘ను’ వల్ల వచ్చింది. ‘ఆవును కట్టాడు’ అంటే అప్పటికే ఉన్న ఆవును గుంజకు కట్టాడని అర్థం. ‘ఇల్లు కట్టాడు’ అంటే అంతకుముందు లేని ఇల్లు కట్టడం వల్ల ఏర్పడిందని అర్థం. క్రియ ఒక్కటే అయినా, మొదటి వాక్యంలో కర్మ పనికి ముందే ఉన్నది. రెండవదానిలో పని ముగిసిన తరువాతనే కర్మ పుట్టింది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మేవారి మాటల్లో ఈ రెండు తీరులూ పక్కపక్కనే వినిపిస్తాయి: వారు ‘పూలు’ కడతారు, ‘మాల’ కడతారు. పూలు ముందే ఉన్నవి, మాల కట్టగా వచ్చినది. రెండుచోట్లా ‘ను’ అవసరపడలేదు, ఎందుకంటే రెండూ ప్రాణం లేనివే. జడవాచకాలకు ద్వితీయకు (‘ను’ చేరిన రూపానికి) మారుగా ప్రథమ (‘ను’ లేని రూపం) బహుళంగా, అంటే కచ్చితమైన నియమం లేకుండా, వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పినది ఈ వాడుకనే. ప్రాణమున్నవాటికి మాత్రం ప్రత్యయం దాదాపు తప్పనిసరి. అందువల్ల ‘ఈగలను కట్టడం’ అన్న క్షణంలోనే చదివేవాడికి బతికి ఉన్న ఈగలు, వాటి కాళ్లకు దారాలు కళ్ల ముందు కనిపిస్తాయి. పిల్లవాడు బంకమట్టితో ‘ఆవు చేశాడు’ అంటాం గాని ‘ఆవును చేశాడు’ అనం. బొమ్మ అయినప్పుడు ఆవు కూడా వ్యాకరణంలో జడమే అవుతుంది. మీ ఈగకూ అదే న్యాయం వర్తిస్తుంది. ‘కట్టడం’ అన్న క్రియను మార్చవద్దు, ‘ను’ను తీసివేయండి.

‘ఈగ’ అన్న మాటను కూడా వదులుకోనక్కరలేదు. తేనెటీగ, కందిరీగ, జోరీగ, తూనీగ అని మనవారు వేరువేరు జాతుల పురుగులను ఈ ఒక్క మాట చివర పెట్టి పిలిచారు. ఆ వరుసలోనే ‘ఈకల + ఈగ’ సంధి చేసి ‘ఈకలీగ’ అనవచ్చునని నా అభిప్రాయం. ఇంటి ఈగ కాదన్న సంగతీ, అది దేనితో చేసినదన్న సంగతీ ఆ పేరులోనే తెలిసిపోతాయి.

ఇక ‘ఎండు’. ఒకప్పుడు పచ్చిగానో తడిగానో ఉండి, ఆ తేమ పోయినదానినే మనం ఎండు అంటాం: ఎండుచేప, ఎండుమిరపకాయ, ఎండుటాకు. ఈ లెక్కన ‘ఎండు ఈగ’ అంటే చచ్చి ఎండిపోయిన ఈగ. ‘పొడి’ అన్నది కొంత నయమే, పొడిబట్ట అన్నట్లుగా. కాని పిండి అనే అర్థం అడ్డు వస్తుంది. ఆంగ్లంలోనైనా ఇక్కడ పొడి, తడి అన్న భేదం నీటిమీద నిలిచేదానికీ నీటిలోకి దిగేదానికీ మధ్య ఉన్నది కనుక, దాని గుణాన్ని విడిచి అది చేసే పనిని బట్టి పేరు పెట్టడం తెలుగుకు అనువుగా ఉంటుంది: ‘తేలే ఈకలీగ’, ‘మునిగే ఈకలీగ’. చెరువులో గాలం వేసేవారు కట్టే బెండు గుర్తుకు వచ్చి ‘బెండు ఈగ’ అనాలనిపించవచ్చును గాని, బెండు తేలేది తన తేలికదనం వల్ల, ఈకలీగ తేలేది ఈకల కూర్పు వల్ల.

‘నార’ చెట్టుకు సంబంధించినది. అరటి నార, గోగునార అంటాం. ఈకకు నార ఉండదు. ఈక నడుమ గట్టిగా ఉండేది ఈనె, దానికి ఇరువైపులా ఉండేవి పోగులు. బాతు తోక మొదట నూనె గ్రంథి చుట్టూ పెరిగే మెత్తని ఈకలను ఈ పనివారు సీడీసీ అంటారు. వాటి పోగులకు మరింత సన్నని నూగు ఉండి గాలిని పట్టి ఉంచుతుంది కనుక అవి బాగా తేలుతాయి. వీటికి ‘ఈకపోగులు’ అన్న మాట సరిపోతుంది.

‘డబ్బింగ్’ను మాత్రం తప్పక మార్చండి. ఆ మాట వినగానే తెలుగువాడికి గుర్తుకు వచ్చేది సినిమా. ఆంగ్లంలో ఇవి నిజానికి రెండు వేరు మాటలు: సినిమాకు చెందినది ‘డబుల్’కు కురచ రూపం, ఈకల పనికి చెందినది సిద్ధపరచు, అలంకరించు అనే అర్థాలున్న పాత ఫ్రెంచి క్రియనుంచి వచ్చినది. చేసే పని ఏమిటంటే, మైనం పూసిన దారంమీద చిటికెడు కుందేలు బొచ్చునో ఈకపోగులనో ఉంచి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒకేవైపుకు నలుపుతూ దారానికి అంటించడం. ఎదురువైపు నలిపితే వచ్చిన పురి విడిపోతుంది. కార్తిక దీపాలకు వత్తులు చేసే చేతులకు ఈ కదలిక కొత్త కాదు. దీనిని ‘వడకడం’ అనకూడదు, ఎందుకంటే వడకడంలో దూదినుంచి నూలు కొత్తగా పుడుతుంది. ఇక్కడ దారం ముందే ఉన్నది, దానికి మరొకటి చేరుతున్నది. తాడు పేనినట్లు ఉన్నవాటిని కలిపి మెలివేయడమే ‘పేనడం’. కనుక డబ్బింగ్ అన్నచోట ‘బొచ్చు పేనడం’ అని నిస్సంకోచంగా రాయండి. దారాన్ని మడిచి, ఆ రెండు పాయల నడుమ ఈకపోగులు ఇరికించి, కింద బరువు వేలాడదీసి గిరగిర తిప్పే పనిముట్టు ఒకటి ఉన్నది. అది కదురు చేసే పనే చేస్తుంది, దానికి ‘పురికదురు’ అన్న పేరు ఒప్పుతుంది.

మిగిలిన పనిముట్లకు ఇంత ఆలోచన అక్కరలేదు. దారపు బాబిన్ కుట్టుమిషను ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. నగరి, పుత్తూరు మగ్గాలవారి ‘కండె’ అయినా సరే. ముల్లును బిగించేది వైస్, ఈక కొసను పట్టుకొనేది చిన్న పట్టకారు.

శీర్షికను ‘మెత్తని ఈకపోగులతో, పేనిన బొచ్చుతో తేలే ఈకలీగలు కట్టడం’ అని దిద్దుకోండి. పాఠంలో మొదటిసారి వచ్చినచోట ‘దీనినే డ్రై ఫ్లై అంటారు’ అని ఒక్కమాట చేర్చండి. మీ మేనల్లుడు కొట్టుకు వెళ్లి సామాను అడగవలసింది ఆ పేరుతోనే కదా.